దొంగ గ్లాసు

పాలు పొంగి, పొయ్యి మీద ఒలికి, మాడి, ఆ మాడు వాసన వంటగది దాటి పెరట్లో బట్టలు ఆరేస్తున్న ఆమె ముక్కుదాకా వచ్చింది. చేతిలో ఉన్న తడి దుప్పటిని ఉన్నపళంగా తీగ మీద పడేసి ఆమె లోపలికి పరుగెత్తింది.

పొయ్యికి బారెడు దూరంలో బల్ల ముందు కూర్చుని భర్త పేపరు చదువుకుంటున్నాడు. పేపరు వెనక ఆయన తల కూడా కనబడటం లేదు. గిన్నె అడుగు నల్లబడి చిటపటమంటోంది. ఆయన తీరిగ్గా పేజీ తిప్పాడు.

ఆమె పొయ్యి కట్టేసి కిటికీ రెక్కలు బార్లా తోసింది. ఆ చప్పుడుకి ఆయన పేపరు దించాడు. ముందు ఆమె మొహం చూశాడు. తర్వాత గిన్నె చూశాడు.

"మాడాయా?" అన్నాడు చిన్నగా.

"మాడాయి."

ఇంకో మాట అనుకునేలోపే కూతురు తల తుడుచుకుంటూ వచ్చింది. "ఏం తగలబడుతోంది ఇంట్లో? నా గదిదాకా వచ్చింది వాసన!"

"నేనేనే. పాలు పెట్టి పెరట్లోకి వెళ్ళి మర్చిపోయాను," అంది తల్లి గబగబా.

"నాన్న ఇక్కడే ఉన్నాడుగా?"

"మీ నాన్న పేపర్లో తల దూర్చాక ఇల్లెత్తుకుపోయినా తెలుస్తుందా?"

కూతురు నవ్వలేదు. గిన్నె అందుకునే నెపంతో తల్లికి బాగా దగ్గరగా వచ్చి నిలబడింది. ఆ నిలబడటం ఏమిటో తల్లికి తెలుసు. కూతురు డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతుంది. స్టీరింగ్ చేతికిచ్చే ముందు నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళ ఊపిరి ఒకసారి చూస్తుంది. తాగొచ్చినవాడు ఎంతటివాడైనా సరే, కారు దింపి పంపించేస్తుంది. తండ్రి స్నేహితులు ఆ పిల్లకి 'బ్రేకమ్మ' అని పేరు పెట్టింది అందుకే. ఈ మధ్య ఆ ఊపిరి చూడటం ఇంటిదాకా వచ్చింది.

తల్లి మొహం పక్కకి తిప్పుకుని, అలవాటుగా జేబులోంచి పిప్పర్‌మెంటు బిళ్ళ తీసి నోట్లో వేసుకుంది. పొద్దున్నే నోట్లో పిప్పర్‌మెంటు ఎందుకని కూతురు అడగలేదు. అడగకపోవడమే తల్లికి ముల్లులా గుచ్చుకుంది.

కూతురు వెళ్ళాక ఆమె మాడిన గిన్నెలో నీళ్ళు పోస్తూ, వెనక్కి తిరక్కుండానే అంది, "ఇవాళైనా చెప్పేయండి. మీ స్నేహితులకి వద్దు, మీ కుర్ర యజమానికి చెప్పండి చాలు."

"ఇవాళ ఒక్కరోజు గట్టెక్కించు."

"ప్రతిసారీ ఇవాళ ఒక్కరోజే అంటున్నారు."

ఆయన పేపరు మడతల్ని వేలితో నొక్కుతూ కూర్చున్నాడు.

ఆయన బీరు చేసే మాస్టారు. ఊరి చివర చిన్న బ్రూవరీ. ట్యాంకుల్లో పులిసిన బీరు ఏదీ ఆయన ఒక గుటక వేసి ఊఁ అననిదే సీసాల్లోకి ఎక్కదు. గ్లాసు ముక్కు దగ్గరికి వచ్చిందంటే గింజ ఎన్నాళ్ళ కిందటిదో, గొట్టం ఎవడు సరిగ్గా కడగలేదో చెప్పేసేవాడు. అందుకే స్నేహితులకి ఆయన 'ముక్కు'. బ్రూవరీలో 'ముక్కు మాస్టారు'. ఇంటికొచ్చే పోస్టు మీద తప్ప ఆయన అసలు పేరు ఎక్కడా కనబడదు.

చలికాలంలో వచ్చిన జ్వరం తగ్గింది కానీ, పోతూ పోతూ ఆ ముక్కుని తీసుకుపోయింది. నాలుక మీద తీపి, పులుపు, చేదు తెలుస్తాయి. అంతకుమించి ఏదీ తెలియదు. వాసన తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు డాక్టరు. ఆ మాట విన్నరోజు ఆయన ఇంటికి వచ్చి సబ్బు, కిరసనాయిలు, వాము, చెప్పుల పాలిష్ వరసగా బల్ల మీద పెట్టుకుని ఒక్కొక్కటే ముక్కు దగ్గర పెట్టుకుంటూ పోయాడు. ఆమె గుమ్మంలో నిలబడి చూసింది. చివరికి ఆయన పాలిష్ డబ్బా మూత పెడుతూ, "నీ ముక్కు మంచిదేగా?" అన్నాడు.

అలా మొదలైంది. మధ్యాహ్నం ఆమె భోజనం క్యారేజి పట్టుకుని బ్రూవరీకి వెళ్తుంది. ట్యాంకుల వెనక చిన్న గదిలో ఆయన తలుపు మూస్తాడు. ఆమె గుటకలో సగం ఉమ్మి, సగం మింగి తనకి తెలిసిన మాటల్లో చెబుతుంది. తడిసిన అట్టపెట్టె వాసన. ఉడికిన మొక్కజొన్న. వెన్న కాచిన గిన్నె. ఆ వంటింటి మాటల్ని ఆయన బ్రూవరీ మాటల్లోకి మార్చుకుని బయటికి వెళ్ళి చెబుతాడు. ఆమె నోరు పుక్కిలించి, పిప్పర్‌మెంటు వేసుకుని, ఖాళీ క్యారేజితో ఇంటికి వస్తుంది.

కూతురికి చెప్పలేదు. చెబితే ఆ పిల్ల మనసులో దాచుకోలేదు. నిలువునా నిజం తప్ప మరొకటి రాదు దానికి.

*

ఏటా ఒక ఆదివారం స్నేహితులు ముగ్గురూ పగలంతా పబ్బులు తిరుగుతారు. ముక్కు మాస్టారు, దర్జీ, మంగలి. ఒక్కో పబ్బులో ఒక్కో బీరు తాగి మార్కులు వేస్తారు. ఒకరిని చూసి ఒకరు వెయ్యకుండా చేతులు బల్ల కింద పెట్టుకోవాలి. ఒకటీ రెండూ మూడూ అనగానే వేళ్ళు పైకి లేవాలి. ఎన్ని వేళ్ళు లేస్తే అన్ని మార్కులు. దానితోపాటు ఇంకో ఆచారం, దొంగ గ్లాసు. ఒక్కో ఏడు ఒక్కరి వంతు. వంతు వచ్చినవాడు ఎక్కడో ఒకచోట, ఎవరికీ చెప్పకుండా, చెడిపోయిన బీరు బల్ల మీదికి రప్పిస్తాడు. అది బాగుందన్నవాడు పబ్బు మధ్యలో నిలబడి పాట పాడాలి. మంగలి చాలాసార్లు పాడాడు. దర్జీ కూడా పాడాడు. ముక్కు మాస్టారు ఒక్కసారీ పాడలేదు.

ఈసారి వీళ్ళతో బ్రూవరీ యజమాని కూడా వస్తున్నాడు. కుర్రవాడు. తండ్రి పోయాక పగ్గాలు పట్టుకున్నాడు. కొత్త బీరు ఒకటి చేద్దామని ఆశ. "చుట్టుపక్కల ఎవరు ఏం చేస్తున్నారో మీ ముక్కుతో చూసి చెప్పండి మాస్టారూ, నేనూ మీతో తిరుగుతాను," అన్నాడు. కాదనే దారి లేదు. అందుకే ఇన్నేళ్ళలో మొదటిసారి ఆమె కూడా వ్యాను ఎక్కింది. తాగినవాళ్ళు నడపకూడదు కనక వ్యాను నడిపేది కూతురే.

"ఏం వదినా, మా మీద కాపలాకి బయల్దేరావా?" అన్నాడు మంగలి తలుపు లాగుతూ.

"మీ మీద ఎందుకయ్యా, మా ఆయన మీదే."

"వాడికి కాపలా దేనికి? వాడు గుటకేసి ఉమ్మేసే రకం. మింగే పాపమంతా మాదేగా!"

అందరూ నవ్వారు. అద్దంలో కూతురి కళ్ళు తల్లి మీదే ఉన్నాయి.

మొదటి పబ్బు ఇరుకుగా, చెక్క బెంచీలతో, పెయింటు వాసన ఇంకా పోకుండా ఉంది. భార్యాభర్తలు పక్కపక్కన కూర్చున్నారు. గ్లాసులు రాగానే ఆమె ముందే అనుకున్న మాట అంది. "ఆ నురగ మాత్రం నాకివ్వండి. నాకు నురగంటే ఇష్టం."

"ఇదెప్పట్నుంచి?" అన్నాడు దర్జీ. మితభాషి. అడిగితే ఒక్క మాటే అడుగుతాడు.

"మొగుడు తాగేది ఏమిటో తెలియాలి కదా మరిదీ."

ఆమె భర్త గ్లాసు అంచుకి పెదవి ఆనించి నురగతోపాటు ఒక గుటక లోపలికి తీసుకుంది. చేదు గొంతు దాకా పాకింది. రుమాలు నోటికి అడ్డం పెట్టుకుని, తల వంచి, "మాడిన రొట్టె అంచు. బాగానే ఉంది," అంది. బల్ల కింద ఆయన మోకాలి మీద వేలితో నొక్కింది. ఏడుసార్లు.

ఒకటీ రెండూ మూడూ. ఆయన ఏడు వేళ్ళు లేపాడు. మిగతావాళ్ళవి కూడా అటూ ఇటూగా అంతే.

"గింజని కాస్త ఎక్కువ వేయించాడు," అన్నాడు ఆయన యజమానితో, గ్లాసుని వెలుతురుకి పట్టి చూస్తూ. "తప్పని కాదు. కావాలనే చేశాడు."

"నాకూ అలాగే అనిపించింది మాస్టారూ!" యజమాని మొహం విప్పారింది.

ఆ విప్పారిన మొహం నుంచి ఆమె చూపు తిప్పుకుంది. పిల్లాడు నమ్ముతున్నాడు. నమ్మేవాణ్ణి మోసం చెయ్యడం ఇంత సులువా?

కూతురు నిమ్మరసం గ్లాసు ముందు పెట్టుకుని పక్క బల్ల దగ్గర ఒంటరిగా కూర్చుంది. నిమ్మరసం ఒక్క చుక్క తగ్గలేదు.

రెండో పబ్బు వంతెన పక్కన, మేడ మీద ఉంది. అక్కడా అదే. నురగ, గుటక, రుమాలు, మోకాలు. ఈసారి బీరు బాగాలేదు. వెన్న కాచిన గిన్నె. ఆమె నాలుగే నొక్కింది. ఆయన నాలుగు వేళ్ళు లేపి, ఎందుకు నాలుగో చెబుతుంటే మంగలి బల్ల చరిచాడు. "చూశారా! ముక్కంటే ముక్కు. దీనికి ఇన్సూరెన్సు చేయించాలి!"

ఆమె చెయ్యి కడుక్కోవడానికని లేచింది. కుళాయి తిప్పి నోరు పుక్కిలిస్తుంటే వెనక తలుపు మూసిన చప్పుడైంది.

కూతురు తలుపుకి వీపు ఆనించి నిలబడింది. "అమ్మా, ఊదు."

"ఏమిటే ఇది?"

"ఊదమంటున్నా."

"తల్లిని పట్టుకుని..."

"నా దగ్గరికొచ్చే ప్రతివాడూ ఇలాగే అంటాడు. ఏమిటండీ ఇది, ఏమనుకుంటున్నారు మా గురించి అని." కూతురు గడియ పెట్టింది. "ఇవాళ సంగతి కాదమ్మా. మొన్న మధ్యాహ్నం క్యారేజి ఇచ్చి వచ్చినప్పుడు కూడా. అంతకుముందు కూడా. పిప్పర్‌మెంటు వెనక ఏముందో నాకు తెలీదనుకుంటున్నావా? రోజంతా చేసే పనే అది. ఎన్నాళ్ళనుంచి?"

తల్లి కుళాయి కట్టేసింది. మింగలేక కక్కలేక నిలబడింది.

"నాన్నకి తెలుసా?"

ఆమె రుమాలుతో నోరు తుడుచుకుంది.

"తెలుసన్నమాట. తెలిసి దాస్తున్నాడు. అందుకే మనిషి అలా అయిపోయాడు. తింటున్నది ఏమిటో తెలీదు, పక్కన పాలు మాడుతున్నా తెలీదు. నీ దిగులేనమ్మా అది!"

"ఇంటికెళ్ళాక మాట్లాడుకుందాం."

"ఇంటికెళ్ళాక నువ్వు వంటగదిలో దూరతావు. నాకు తెలీదా నీ సంగతి?" కూతురు కళ్ళు తుడుచుకుంది. "ఇక్కడినుంచి నువ్వు ఒక్క గుటక వేస్తే ఊరుకోను."

*

మూడో పబ్బుకి వెనక చిన్న తోట ఉంది. చెట్ల కింద గుండ్రటి బల్లలు. ఆమె భర్త పక్క కుర్చీ లాక్కునేలోపే కూతురు వచ్చి ఆ కుర్చీలో కూర్చుంది.

"అమ్మా, నువ్వు అటు కూర్చో. నీడ అటే ఉంది."

"పర్లేదు, నేను ఇక్కడే..."

"అటు కూర్చోమన్నాను."

ఆ గొంతు విని మంగలి కూడా నోరు మూసుకున్నాడు. ఆమె బల్లకి అవతలి పక్కకి వెళ్ళి కూర్చుంది. భర్త ఆమె వైపు చూశాడు. తప్పిపోయిన పిల్లాడు జనంలో తల్లిని వెతుక్కున్నట్టుంది ఆ చూపు. ఆయన మోకాలికీ ఆమె వేలికీ మధ్య ఇప్పుడు బల్లంత దూరం.

గ్లాసులు వచ్చాయి. చల్లగా, చెమట పట్టి, మంచి పసుపు రంగులో. చూడటానికి ఏ లోపమూ లేదు. ట్రే ఆమె పక్కనుంచి వెళ్తున్నప్పుడు గాలి ఇటు తిరిగింది. వానలో తడిసిన కుక్క వచ్చి విదిలించుకున్నట్టు గుప్పుమంది.

ఎండ తగిలిన బీరు. ఆ వెనక గదిలో ఆయన ఒకసారి కావాలనే సీసాని కిటికీలో పెట్టి నేర్పించాడు. రుచిలో చేదు చేదుగానే ఉంటుంది, తీపి తీపిగానే ఉంటుంది, చెడేది వాసన ఒక్కటే అని. దర్జీ ఎవరి వైపూ చూడకుండా గడ్డం గోక్కుంటున్నాడు. ఈ ఏటి వంతు ఆయనది. కొట్టు కిటికీలో బట్టల పక్కన ఎన్నాళ్ళనుంచి ఎండబెట్టాడో ఆ సీసాలు!

"నురగ..." అంటూ ఆమె చెయ్యి చాచింది.

కూతురు తండ్రి గ్లాసు మీద అరచెయ్యి అడ్డం పెట్టింది. "వద్దు."

ఆమె దగ్గింది. భర్త తలెత్తాడు. ఆమె ముక్కు మీద రుమాలు పెట్టుకుంది, కనుబొమలు ముడిచింది, తల అడ్డంగా ఆడించింది. ఆయన ఆ మొహంలోకి చూసి ఏదో వెతుక్కున్నాడు. కూతురితో గొడవ పడి ఏడుపు ఆపుకుంటోంది అనుకున్నాడు కాబోలు. జాలిగా చూసి చూపు దించుకున్నాడు.

గ్లాసు ఎత్తాడు. అలవాటు చొప్పున ముక్కు కింద ఆపి, కళ్ళు మూసుకుని, గుటక వేశాడు.

"చేతులు కిందికి," అన్నాడు మంగలి మొహం వికారంగా పెట్టి, నవ్వు బిగబట్టుకుని. "ఒకటీ రెండూ మూడూ!"

మంగలి చెయ్యి పిడికిలి బిగించి లేచింది. దర్జీదీ పిడికిలే. యజమాని ఒక వేలు లేపాడు, అదీ మొహమాటానికి.

ముక్కు మాస్టారు తొమ్మిది వేళ్ళు లేపాడు.

"పట్టుబడ్డాడ్రా!" మంగలి కుర్చీలోంచి లేచి గంతేశాడు. "ఇన్నాళ్ళకి ముక్కు పట్టుబడ్డాడు! పాట! పాట పాడాలి!" అని అరిచాడు. ఎవరూ అందుకోకపోయేసరికి ఆ అరుపు మధ్యలోనే ఆగిపోయింది.

యజమాని తన గ్లాసుని ఒకసారి వాసన చూసి దూరంగా జరిపాడు. "మాస్టారూ," అన్నాడు నెమ్మదిగా, "ఇది మీకు తొమ్మిదా?"

ఆయన ఇంకా చేతులు పైనే పెట్టుకుని కూర్చున్నాడు. దించడం మర్చిపోయినట్టు.

"మళ్ళీ ఒకసారి చూడండి."

"చూశాను."

"మరి? మొన్న మీరు ఊఁ అన్న ట్యాంకు రేపు సీసాల్లోకి ఎక్కాలి. ఎక్కించనా?"

ఆయన భార్య వైపు చూశాడు. చెప్పండి, ఇప్పుడైనా చెప్పండి అని ఆమె లోపల అరుస్తోంది. అంతలో కూతురు లేచింది.

"మా నాన్నని ఏమీ అనకండి. ఆయన తప్పేమీ లేదు. ఆయన మనసు మనసులో లేదు, అంతే."

"కూర్చోమ్మా," అన్నాడు దర్జీ.

"లేదు బాబాయ్. ఎన్నాళ్ళు దాస్తాం?" కన్నీళ్ళు కారిపోతున్నా ఆ పిల్ల ఆగలేదు. "మా అమ్మ తాగుతోంది. రోజూ. క్యారేజి పేరు చెప్పి బ్రూవరీకి వెళ్ళి మరీ. నాన్నకి తెలిసి, ఎవరికీ చెప్పలేక లోపల్లోపల కుమిలిపోతున్నాడు. అలాంటి మనిషికి తొమ్మిదేంటి, సున్నా ఏంటి!"

తోటలో పక్క బల్లలవాళ్ళు కూడా ఇటు తిరిగారు. మంగలి నేల చూస్తున్నాడు. పొద్దున్నించి నురగ నురగ అని అడిగిన మనిషి కళ్ళముందే ఉంది. ఇంక సాక్ష్యం దేనికి?

ఆమెకి ముందు ఒళ్ళంతా భగ్గుమంది. తర్వాత, ఆ మంట చల్లారకముందే, ఒక దారి కనబడింది. తను ఔనంటే చాలు. ఆయన పరువు నిలబడుతుంది. ఉద్యోగం నిలబడుతుంది. భార్య దిగుల్లో పడి ఒకరోజు ముక్కు తప్పిందంటారు, జాలిపడతారు, ఊరుకుంటారు. పోయేది తన పేరే. తనకి పేరెక్కడుంది గనక పోవడానికి? ముక్కు మాస్టారి భార్య, అంతేగా.

"నిజమే," అంది ఆమె. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "చలికాలంనుంచి తాగుతున్నాను. ఆయనదేం తప్పు లేదు."

అందులో ఒక్క మాట కూడా అబద్ధం కాదు.

యజమాని తల దించుకుని, "అయ్యో, అమ్మగారూ," అన్నాడు. అతని మొహంలో అనుమానం పోయి జాలి వచ్చింది. అనుకున్నట్టే అయింది. ఇంక ఆయన మాట్లాడకుండా ఉంటే చాలు.

ఆయన మాట్లాడలేదు. చేతులు దించి తొడల మీద పెట్టుకున్నాడు. ఆమె భర్త మొహం చూడకూడదనుకుంటూనే చూసింది. ఆయన గట్టున పడ్డాడు. తను చెయ్యందించింది, ఆయన పట్టుకున్నాడు. అంతే కదా కావలసింది? మరి తన కళ్ళెందుకు నిండుతున్నాయి?

కూతురు వచ్చి ఆమె భుజం పట్టుకుంది. "పద అమ్మా. ఇంటికి పోదాం. నేను చూసుకుంటాను నిన్ను."

ఆమె లేచింది. జేబులోంచి పిప్పర్‌మెంటు బిళ్ళ ఒకటి జారి బల్ల మీద పడి, దొర్లుకుంటూ పోయి ఆయన గ్లాసుకి తగిలి ఆగింది. ఆయన ఆ బిళ్ళని చూశాడు. వేళ్ళతో తీసుకుని, అలవాటు చొప్పున ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. అలాగే ఉండిపోయాడు.

"ఒరే," అన్నాడు మంగలితో. "దొంగ గ్లాసుకి తొమ్మిది వేసినవాడు పాడాలిగా?"

"ఇప్పుడెందుకురా అది..."

"రూలు రూలే." ఆయన కుర్చీ వెనక్కి తోసి నిలబడ్డాడు. "నాకు పాటలు రావు. వచ్చింది చెబుతాను. ఇది పిప్పర్‌మెంటు. చూస్తే తెలుస్తోంది. కళ్ళు మూసుకుంటే సున్నం ముక్కో పిప్పర్‌మెంటో నాకు తెలీదు. చలికాలం జ్వరంలో నా ముక్కు చచ్చిపోయింది."

మంగలి మెల్లగా తన కుర్చీలో కూలబడ్డాడు.

"మా ఆవిడ తాగిన ప్రతి గుటకా నా గుటకే. బలవంతాన నేనే తాగించాను. ఇష్టం లేకపోయినా తాగింది. ఇవాళ పొద్దున్న కూడా చెప్పేయమని బతిమాలింది. ఇవాళ ఒక్కరోజు అన్నాను." ఆయన కూతురి వైపు తిరిగాడు. "మీ అమ్మ తాగుబోతు కాదే. ఇన్నాళ్ళూ నా ముక్కు మీ అమ్మ మొహాన ఉంది. పొద్దున్న పాలు నా పక్కనే మాడాయి. మర్చిపోయింది మీ అమ్మ కాదు."

కూతురి చెయ్యి తల్లి భుజం మీంచి జారిపోయింది.

"నాలుగు తిట్లు తినాల్సిన చోట నోరు మూసుకుని కూర్చున్నాను," అన్నాడు ఆయన. "ఇప్పుడు కూడా. తను ఆ మాట అంటుంటే, హమ్మయ్య అనుకున్నాను. అదే అన్నిటికంటే..." అని ఆగిపోయి, కూర్చోవడానికి కుర్చీ ఎక్కడుందో తడుముకున్నాడు. మంగలి కుర్చీ ముందుకి జరిపాడు.

యజమాని లేచి తోట గేటుదాకా వెళ్ళి, అటు తిరిగి చాలాసేపు నిలబడ్డాడు. తిరిగి వచ్చేసరికి అతని మొహం ఎర్రగా ఉంది.

"మా నాన్న పోయిన రోజు నా పక్కన నిలబడింది మీరే మాస్టారూ. నాకు చెప్పకూడదా?"

"చెప్పాల్సింది."

"చెప్పాల్సింది! ఒక ట్యాంకు చెడిపోయి ఉంటే? ఎవరైనా వచ్చి నా మొహాన పోసి ఉంటే?"

"నిన్ననే మా ఆవిడ ఒకటి ఆపించింది. ఫిల్టరు పాడైందని నీకు అబద్ధం చెప్పాను."

యజమాని కోపంగా నవ్వబోయి ఆగిపోయాడు. "రేపు రండి. ఏం పని చేస్తారో, ఎవరు రుచి చూస్తారో కూర్చుని మాట్లాడదాం. నేను ఇప్పుడే ఏమీ చెప్పలేను. ఒక్కటి మాత్రం చెబుతున్నాను. అమ్మగారు ఇంక ఆ వెనక గదికి రాకూడదు. మా ఇంటి పెద్దావిడ లాంటి మనిషి దొంగలా తలుపు మూసుకుని ఉమ్మి, పుక్కిలించి పోవడం... నాకు తలుచుకుంటేనే సిగ్గుగా ఉంది."

దర్జీ లేచి ఆమె ముందుకి వచ్చాడు. "వదినా, ఆ సీసాలు ఎండలో పెట్టింది నేనే. క్షమించు," అన్నాడు.

"మంచి పని చేశావు మరిదీ," అంది ఆమె. అది మనస్ఫూర్తిగానే అంది.

*

ఇంటికి పోదామన్నాడు ఆయన. మంగలి ఒప్పుకోలేదు. "ఇంకో పబ్బు మిగిలింది. మధ్యలో ఆపితే ఏడాదంతా అశుభం. పైగా నాకు దాహంగా ఉంది," అని గదమాయించి అందరినీ వ్యాను ఎక్కించాడు. యజమాని కూడా ఎక్కాడు, కిటికీ పక్కన, మాట లేకుండా.

వ్యాను కదల్లేదు. కూతురు స్టీరింగ్ మీద తల ఆనించుకుని కూర్చుంది. తల్లి వెళ్ళి ముందు సీట్లో కూర్చుంది.

"రోజుకి పదిమంది ఊపిరి చూస్తాను," అంది కూతురు తల ఎత్తకుండా. "నీ ఊపిరి చూశాను. నువ్వెందుకు తాగుతున్నావని ఒక్కసారీ అడగలేదు. ఎన్నాళ్ళనుంచి అన్నాను. నాన్నకి తెలుసా అన్నాను. ఎందుకమ్మా అని అడగలేదు."

"అడిగినా చెప్పేదాన్ని కాదు."

"అయినా అడగాల్సింది."

తల్లి ఆ పిల్ల నుదుటి మీద అంటుకున్న వెంట్రుకలు వెనక్కి తోసింది. "తాగుబోతు తల్లినైనా వదిలిపెట్టకుండా, నేను చూసుకుంటానన్నావు చూడు. ఆ మాట నాకు చాలే. పోనీ బండి. వెనక ముసలాళ్ళు గొడవ చేస్తారు."

"ముసలాళ్ళెవరు?" అన్నాడు మంగలి వెనకనుంచి.

చివరి పబ్బులో ఈసారి ఎవరూ చెప్పకుండానే భార్యాభర్తల పక్కపక్క కుర్చీలు ఖాళీగా ఉంచారు. దర్జీ ఆమె ముందు ఒక గ్లాసు పెట్టించాడు. ఆమె కోసమే, నిండుగా, నురగతో.

"ఇది ఎవరి కోసమూ కాదు వదినా. నీ గ్లాసు. నీ మార్కులు."

ఆమె భర్త వైపు చూసింది. ఆయన తన గ్లాసు తను తాగుతున్నాడు. ఆమె ఒక గుటక వేసింది. ఉమ్మలేదు. పూర్తిగా మింగింది. మొదటిసారి ఎవరికీ చెప్పక్కర్లేని గుటక.

"చేతులు కిందికి," అన్నాడు మంగలి, ఈసారి మెల్లగా. "ఒకటీ, రెండూ, మూడూ."

ఆయన ఐదు వేళ్ళు లేపాడు. "చల్లగా ఉంది, చేదుగా ఉంది. నాకు తెలిసింది అంతే," అన్నాడు. ఇంకెవరు ఎన్ని లేపారో ఎవరూ చూడలేదు. అందరూ ఆమె చెయ్యి చూస్తున్నారు.

ఆమె చెయ్యి పిడికిలి.

"సున్నానా?" అన్నాడు యజమాని, తోటలోంచి వచ్చాక మొదటిసారి నోరు తెరిచి. "అమ్మగారూ, ఊళ్ళో దీనికంటే మంచి బీరు లేదు!"

"మంచిదేనయ్యా. చెయ్యడంలో ఏ తప్పూ లేదు," అంది ఆమె. "నాకే ఛీ అనిపిస్తుంది. కాకరకాయ రసం తాగినట్టుంటుంది. మొదటి రోజునుంచీ అంతే. ఒక్క గుటక కూడా నచ్చలేదు."

మంగలి నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

ఆయన ఆమె వైపు తిరిగాడు. ఇన్నాళ్ళ వెనక గది, మూసిన తలుపు, గిన్నెలో ఉమ్మి, పుక్కిలించి, మళ్ళీ ఇంకో గ్లాసు అందుకున్న ఆ చెయ్యి, అన్నీ ఒక్కసారిగా కళ్ళముందు తిరిగినట్టున్నాయి. "ఒక్కటి కూడానా?" అన్నాడు.

"ఒక్కటి కూడా."

ఆయన బల్ల మీద ఇంకా బిగించే ఉన్న ఆమె పిడికిలి మీద తన అరచెయ్యి కప్పాడు. ఎదురుగా కూతురు తన నిమ్మరసం గ్లాసుని తల్లి ముందుకి జరిపి, బీరు గ్లాసు తీసి పక్కన పెట్టేసింది. కళ్ళనీళ్ళు తుడుచుకోలేదు.

ఆమె నిమ్మరసం తాగింది. పిప్పర్‌మెంటు కోసం జేబు వెతుక్కోలేదు.